ఆరు నిమిషాల పాఠం: పరిశోధనకూ ఆచరణకూ మధ్య దూరం

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసేవారు తరచుగా చెప్పే సూత్రం ఒకటుంది: వీడియో ఆరు నిమిషాలు దాటకూడదు. దీనికి ఆధారం ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ప్రచురించిన పరిశోధన. ఎడ్‌ఎక్స్ వేదికలోని నాలుగు కోర్సులకు సంబంధించి సుమారు 69 లక్షల వీక్షణలను వారు పరిశీలించారు. నిడివి పెరిగేకొద్దీ విద్యార్థులు వీడియోను మధ్యలో వదిలేస్తున్నారని తేల్చారు.

ఇక్కడ మనం వేయవలసిన ప్రశ్న ఏమిటంటే, వారు కొలిచింది దేనిని? విద్యార్థి ఎంతసేపు చూశాడు, తర్వాత ఇచ్చిన ప్రశ్నకు జవాబు రాయడానికి ప్రయత్నించాడా అన్న రెండింటినే. నేర్చుకున్నాడా లేదా అన్నది కొలవలేదు. పరిశోధకులు ఈ తేడాను దాచలేదు కూడా. పరిశోధన ఆచరణలోకి వచ్చే దారిలోనే ఆ తేడా జారిపోయింది. ‘చూస్తారు’ అన్నది ‘నేర్చుకుంటారు’గా మారింది.

దీని పక్కన మరో పరిశోధనను ఉంచి చూడండి. 2006లో రోడిగర్, కార్పికె ఒక ప్రయోగం చేశారు. ఒక గద్యభాగాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం, మళ్ళీ చదివినవారికి 42 శాతం గుర్తుంది. చదివిన వెంటనే కలిగే ‘వచ్చేసింది’ అన్న ధీమా ఎంత మోసకారిదో ఇది చూపుతుంది. పరీక్ష ముందురోజు రాత్రి చదువు మీద ఆధారపడే మనందరికీ ఇది కాస్త ఇబ్బంది కలిగించే ఫలితమే!

ఇప్పుడు రోలుగుంటకు వద్దాం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ మండలంలో రెండు రకాల ఊళ్ళున్నాయి. నర్సీపట్నం వైపు రోడ్డు మీద ఉన్నవి కొన్ని. అర్ల పంచాయతీలోని కొండ పల్లెల వంటివి మరికొన్ని. అక్కడ రోగిని డోలీలో మోసుకు దిగవలసిన పరిస్థితి ఏళ్ళ తరబడి ఉంది. ఇటువంటి చోట ‘ఆన్‌లైన్ విద్య’ అనగానే చర్చంతా సిగ్నల్, ఫోను, డేటా దగ్గరే ఆగిపోతుంది. ఆ చర్చ అవసరమే. 2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేసినా, 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ముందే నింపిన ట్యాబులు ఇచ్చినా, నెట్ లేని ఇంటికి పాఠం చేర్చడం ఒక లక్ష్యం. కానీ పాఠం ఇంటికి చేరడం వేరు, తలకెక్కడం వేరు.

ఈ రెండో పని ఎలా జరుగుతుందో చూపే మంచి ఉదాహరణ ఢిల్లీలో ఉంది. మైండ్‌స్పార్క్ కేంద్రాలపై మురళీధరన్, సింగ్, గానిమియన్ 619 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో చెప్పుకోదగ్గ ప్రగతి కనిపించింది. అయితే దాన్ని ‘సాఫ్ట్‌వేర్ విజయం’ అని మాత్రమే చదవడం పొరపాటు. అక్కడి తొంభై నిమిషాల్లో సగం సమయం కంప్యూటరు ముందు, మిగతా సగం ఒక సహాయకుడి దగ్గర చిన్న బృందంలో గడిచేది. కంప్యూటరు కూడా తరగతి ప్రకారం కాక, పిల్లవాడు నిజంగా ఉన్న స్థాయి నుంచి ప్రశ్నలు ఇచ్చేది. ఆరో తరగతి పిల్లవాడికి గణితంలో నాలుగో తరగతి స్థాయి కూడా లేకపోతే, ఆరో తరగతి వీడియో ఎంత చిన్నదైనా ఏం లాభం?

ఈ విమర్శ నుంచి మన పుస్తకాన్ని మినహాయించడం న్యాయం కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి తెలుగు దూరవిద్యకు అచ్చు పాఠమే వెన్నెముక. ఇలాంటి పాఠాల్లో ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ అన్న ప్రశ్నలుంటాయి. కింద ఖాళీ గీతలుంటాయి. రోడిగర్, కార్పికె చెప్పిన పని చేయించడానికి అవి సరిగ్గా సరిపోతాయి, డేటా ఖర్చు కూడా లేదు. కానీ జవాబులు అదే యూనిట్ చివర అచ్చవుతాయి. ప్రశ్న చదివి, వేలితో పేజీలు తిప్పి, జవాబు చదివి ‘తెలిసిందే’ అనుకుని ముందుకు సాగే విద్యార్థి నిజానికి చేసింది రెండోసారి చదవడమే. జవాబుల్ని తర్వాతి యూనిట్‌లో అచ్చువేస్తే ఈ చిక్కు కొంత తగ్గుతుందని నా అభిప్రాయం. అంతవరకు, అర్ల కొండ మీద ఉన్నా, రోలుగుంట బస్టాపులో ఉన్నా, ఈ పేజీ మూసి, రెండు ప్రయోగాల్లో ఏది దేన్ని కొలిచిందో కింది గీతల మీద మీ మాటల్లో రాయండి.