ముఖలింగ చరిత్రమున పనివారి స్థానము

టెక్కలికి పడమట వంశధార యెడమగట్టున నున్న ముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని శాసనాధారములతో ప్రతిపాదించినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. పిదప పండితుల చర్చ చాలవరకు రాజవంశానుక్రమము, గాంగశకారంభము అను రెంటి చుట్టునే తిరిగినది. పెక్కు తామ్రశాసనముల చివర కానవచ్చు 'అక్షశాలి', అనగా కంసాలి, పేరును మాత్రము చదివి విడిచిరి. రేకుపై నక్షరము చెక్కినవాడతడే. రాజుల పేర్లు మనదాక వచ్చుట యాతని యులి చలువ. 12వ శతాబ్దిలో అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకమునకు మార్చినాడు. అప్పుడీ పనివారేమైరి? సమీపమునగల బుడితి కంచు, ఇత్తడి పనివారిని వారి సంతతియనిన వినసొంపుగానే యుండును; కాని ఊళ్లు దగ్గరగుట మాత్రమున నది రుజువు కానేరదు. ముందు అక్షశాలుల పేర్లను, చెప్పినచోట తండ్రుల పేర్లను, శాసన సంవత్సరములతో నొక పట్టికగా కూర్పవలెను.