తేనె తినేవాడు

పక్కింటి అమ్మాయి ఈ వారమంతా సాయంత్రాలు పిట్టగోడ ఎక్కి కూర్చుని యణాదేశ సంధి వల్లెవేసింది. మధు, అరి, మధ్వరి. మళ్లీ మధు, అరి, మధ్వరి. నాలుగోరోజుకి నాకు విసుగెత్తింది. బట్టీ చదువంటే నాకెంత కక్షో ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

అప్పుడు నా ఒళ్లో ఉన్నది స్లావ్ భాషల పుస్తకం. రష్యన్లు, పోలిష్‌వాళ్లు, సెర్బులు వేరుపడకముందు మాట్లాడిన భాష రాతకెక్కలేదు. మనవల మాటలు పోల్చి తాతమాట కట్టుకోవాలి. కట్టిన మాటకి ముందు చుక్కగుర్తు పెడతారు. అలా కట్టిన ఎలుగుబంటి *మెద్వేది. ‘మెదు’ తేనె, మన మధువుకి తోబుట్టువు. ‘ఏద్’ తినడం, సంస్కృతంలో ‘అద్’. ఉకారం పక్కన అచ్చు పడింది, వకారం వచ్చింది. మధ్వరి! (అక్కడ మధు రాక్షసుడే అనుకోండి, సంధికి ఆ పట్టింపు లేదు.)

ఎలుగుబంటికి అసలు పేరు వేరే ఉండేది. సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో ఆర్క్టోస్, లాటిన్‌లో ఉర్సుస్‌గా మిగిలింది. అడవిలో తిరిగేవాళ్లు దాన్ని నోట పలకడానికి భయపడి మారుపేరు పెట్టుకున్నారని ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మేయే 1906లో రాశాడు. మా అమ్మమ్మకి మేయే అక్కర్లేదు. దీపాలు పెట్టాక ఆవిడకి పాము లేదు, ‘పురుగు’ ఉంది. కాటుపడితే ‘పురుగు ముట్టింది’. ఓ రాత్రి పెరట్లోంచి నేను ‘పాము’ అని కేకేస్తే, పాము సంగతి తర్వాత, ముందు నా నోటి సంగతి చూసింది.

ఇక విభక్తులు. ఎలుగుబంటిది ఇకారాంతం. తేనెది ఉకారాంతం, చతుర్థిలో ‘మెదోవి’. గురువుకి ‘గురవే’ అన్నట్టే. తేనె, కొడుకు, ఎద్దు లాంటి కొద్ది మాటలున్న చిన్న జట్టది. పెద్ద జట్టులో కలిసిపోయింది. పోతూపోతూ తన ప్రత్యయాలు ఊరందరికీ పంచింది.

బట్టీని తిడదామనే కూర్చున్నాను. చిన్నప్పుడు నాచేతా ఎవరో మధ్వరి వల్లెవేయించకపోతే ఆ వకారం నా కంట పడేదే కాదు. నిన్న ఆ పిల్ల మధ్యలో ఆగితే గుర్వాజ్ఞ నేనే అందించాను.

పోలిష్‌లో ఎలుగుబంటి మొదటి మకారం నకారమైంది: నియెజ్వ్యెచ్. తేనె ఇక చెవికి వినబడదు. కానీ ‘ఎలుగుబంటికి’ అనాలంటే ‘నియెజ్వ్యెజొవి’ అంటారు. ఆ చివరి ‘ఒవి’ తేనె జట్టుదే. తలలోంచి జారిన తేనె తోకకి అంటుకుంది.