కచేరీలో తోడు పోయాక

పోయినవాడు నాకు బంధువు కాడు. మైల పట్టాల్సిన పని లేదు, స్నానం చేసి లోపలికి వస్తే చాలన్నారు మా ఇంట్లో పెద్దవాళ్లు. దహనం దగ్గర కొడుకు, అన్నదమ్ములు, బావమరుదులు ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. మా బృందంవాళ్లం మాత్రం ఎక్కడ నిలబడాలో తోచక వెనకాల, వాహనాలు ఆపిన చోటే ఉండిపోయాం. అక్కడున్న చుట్టాల్లో ఎవరికీ తెలియని సంగతులు మాకు తెలుసు. ఏ రాగం ఎత్తుకుంటే అతను లోకాన్ని మరిచిపోతాడో, ఏ కాలంలో అతని చెయ్యి హాయిగా నడుస్తుందో తెలుసు. తెలిసిన ఆ కాస్తా ఇప్పుడు ఏం చేసుకోవాలన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

అతను మాండలిన్, నేను మృదంగం. గోదావరి జిల్లాల గుళ్లలో కల్యాణోత్సవాలు, శ్రీరామనవమి పందిళ్లు, దసరా రాత్రులు, ఊళ్లలో సంగీత సభలవాళ్లు జరిపే త్యాగరాజ ఆరాధనలు... మా కచేరీలన్నీ ఇవే. పెద్ద పేరు రాలేదు గానీ, అంత పేరుకు తగిన వాయింపు అతని దగ్గర ఉంది. నలభై ఐదేళ్లు. ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ముందురోజు సాయంత్రం ఫోనులో మేం తర్జనభర్జన పడింది రాబోయే కచేరీలో ప్రధాన రాగం షణ్ముఖప్రియా, కీరవాణా అని. తేలలేదు. ‘రేపు చెప్తాలే అన్నయ్యా’ అని పెట్టేశాడు.

మాండలిన్ శ్రీనివాస్ గారు పోయిన వయసు కూడా ఆ నలభై ఐదే. మా వైపు మాండలిన్ పట్టిన పిల్లల్లో చాలామందికి ఆయనే మొదటి వెలుగు, నా మిత్రుడికీ అంతే. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు ఆరేళ్ల వయసులోనే చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండలిన్ వాయించేవారు కాదు. పాడేవారు, పాడిందాన్ని పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. గొంతు ఎలా సాగితే తీగా అలాగే సాగాలన్న పట్టుదల ఆ పాఠాల్లోనే పుట్టిందని నా నమ్మకం.

ఆ పట్టుదల ఎంత కష్టమైందో వాద్యం చూస్తే అర్థమవుతుంది. మాండలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జంట తీగలను లాగి గమకం తీయబోతే రెండూ ఒకే శ్రుతిలో నిలవడం కష్టం. పైగా మెట్లున్న వాద్యం, మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. హాయిగా ఊగే గొంతుకు పుట్టిన సంగీతాన్ని దానిమీద పలికించడం ఎలా? శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు వదిలేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. యాంప్లిఫయర్ నాదానికి కాస్త ఆయుష్షు పోసింది. మిగతాదంతా జారులూ, లాగుళ్లూ, వేళ్ల సాధన.

ఆయన్ని చూసి ఈ వాద్యంలోకి వచ్చిన కుర్రవాళ్లు ముందుగా అందుకోబోయేది వేగాన్నే. నా మిత్రుడికి ఆ వేగం ఉంది, అయినా అతను నిదానాన్ని ఎంచుకున్నాడు. రాగాలాపనలో ఒక స్వరం మీటి, అది సన్నబడి సన్నబడి ఆరే వరకు వినేవాడు. ఆ తర్వాతే రెండోది. తోడి వాయిస్తున్నప్పుడు గాంధారం దగ్గర అతను తీసుకునే వ్యవధికి ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లు కళ్లు మూసుకునేవారు.

మృదంగం వాయించేవాడికి ఇలాంటి మనిషి పక్కన కూర్చోవడం పెద్ద చదువు. వయొలిన్‌కు కమాను ఉంది, నాదం తెగకుండా నడుస్తుంది, దాని కింద సర్వలఘు సాఫీగా పోనివ్వొచ్చు. మాండలిన్‌లో స్వరం కొస సన్నబడే చోట కుడి మూత మీద చాపు గట్టిగా పడిందా, ఆ కొస చచ్చిపోతుంది. అందుకని అక్కడ చెయ్యి ఎత్తేయడం అలవాటు చేసుకున్నాను. మరీ బోసిగా ఉందనిపిస్తే ఎడమవైపు ఒక్క గుంకీ, అంతే. ఎప్పుడు వాయించాలో గురువులు చెప్పారు. ఎక్కడ వాయించకూడదో నాకు చెప్పింది అతని మాండలిన్.

అతనూ నా కోసం మారాడు. కల్పనస్వరాల్లో ముగింపు కోర్వై ఎత్తుకునే ముందు అతని ఎడమ మోకాలు కొద్దిగా లేచేది. నేను దాన్ని పట్టేశానని తెలిశాక, కావాలనే నా వైపుకి కనిపించేలా కూర్చునేవాడు. నా కుడిచేతికి బలం తగ్గిన రోజున అతనే కాలం ఒక పిసరు తగ్గించి, మిశ్రచాపు కీర్తన ఒకటి ముందుకు జరిపేవాడు. నోటితో ఏమీ అనేవాడు కాదు. నేనొక్కణ్ణే వాయించే తని ఆవర్తనం నడుస్తుంటే తాళం అతనే వేసేవాడు, నేను ఎంత లెక్క పెట్టుకుని ఎక్కడెక్కడ తిరిగినా ఆ అరచెయ్యి నన్ను ఇంటికి చేర్చేది.

ఇవేవీ స్వరలిపిలో ఉండవు. రికార్డింగులో కూడా వీటి ఫలితం వినిపిస్తుందే తప్ప ఇవి వినిపించవు. మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతాన్ని, మనం ఒక విద్వాంసుడి సొంత ఆస్తిగా మాట్లాడుకుంటాం. వేదిక మీద ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణిగా చెప్తున్నాను, అందులో సగం ఇద్దరి ఉమ్మడి ఆస్తి. ఒకరు పోతే ఆ సగానికి వారసులు లేరు. కృతి ఉంటుంది, రాగం ఉంటుంది, తాళం ఉంటుంది. వాటిని మేమిద్దరం నడిపించిన తీరు ఉండదు. అతని కోసం ఏడ్చిన ఏడుపులో నా చేతిలోంచి పోయిన సంగీతం కోసం ఏడ్చింది కూడా ఉంది. దాన్ని స్వార్థం అనుకోను. కలిసి వాయించిన బంధం తీరే అది.

2022 మే 10న సంతూర్ విద్వాంసుడు పండిత్ శివకుమార్ శర్మ ముంబైలో గుండెపోటుతో కన్నుమూశారు. పాడె మోసినవాళ్లలో తబలా విద్వాంసుడు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ ఉన్నారు. చితికి కాస్త దూరంలో ఆయన ఒంటరిగా నిలబడి ఉన్న ఫొటోను దేశమంతా చూసింది. ఒక ముస్లిం ఒక హిందువు చితి దగ్గర నిలబడ్డాడని, ఇదే మన దేశమని చాలామంది రాశారు. ఆ మాట నిజం. నాకు మాత్రం అందులో మొదట కనిపించింది ఒక పక్కవాద్యకారుడు. సంతూర్ కూడా నాదం ఎక్కువసేపు నిలవని వాద్యమే. కలం అనే సన్నని కర్రతో తీగను తాకితే మోగుతుంది, తగ్గిపోతుంది. దాని పక్కన దశాబ్దాల పాటు తబలా వాయించాలంటే ఎంత వినాలో, ఎన్నిసార్లు వేళ్లను ఆపుకోవాలో ఊహించగలను. అంతగా విన్న మనిషికి చితి దగ్గర చోటు ఉండాలి. ఆయన వెళ్లి ఆ చోటు తీసుకున్నారు. మేం వెనకే ఉండిపోయిన రోజున నాకు పదే పదే తలపుకొచ్చింది ఆ ఫొటోనే.

జాకిర్ గారికి అంతకు ముందే మరో తోడు పోయింది. 1990ల చివర ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ తబలా, సెల్వగణేశ్ కంజిరాలతో మన శ్రీనివాస్ మాండలిన్ జత కలిసింది. తర్వాత శంకర్ మహదేవన్ గొంతు వచ్చి చేరింది. పాలకొల్లు పిల్లవాడు ఆ వేదికల మీద చిరునవ్వుతో కూర్చుని, తన వంతు వచ్చేసరికి ప్రపంచంలోని మహా వాద్యకారుల్ని ముందుకు వంగి వినేలా చేశాడు. 2014లో కాలేయ మార్పిడి తర్వాత ఆరోగ్యం విషమించి, సెప్టెంబరు 19న చెన్నైలో వెళ్లిపోయారు.

ఆ తర్వాత వాళ్లేం చేశారన్నది నాలాంటివాళ్లు నేర్చుకోవలసిన పాఠం. ‘శక్తి’ మళ్లీ కూడినప్పుడు శ్రీనివాస్ చోటును ఖాళీగా వదిలేయలేదు. అలాగని మరో మాండలిన్‌ను తెచ్చి ఆయనలా వాయించమనీ అడగలేదు. వయొలిన్‌తో గణేశ్ రాజగోపాలన్ వచ్చారు. 1970ల నాటి తొలి ‘శక్తి’లో ఎల్. శంకర్ వయొలిన్ ఉండేది కనుక బృందానికి ఆ నాదం కొత్తదీ కాదు. 2023లో ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ దక్కింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ గారూ శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. మిగిలినవాళ్లకు మళ్లీ అదే ప్రశ్న.

మన సంప్రదాయం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పింది. కర్ణాటక సంగీతంలో అన్నిటికంటే పెద్ద కూడిక ఏది? త్యాగరాజ ఆరాధన. అది ఒక మనిషి పోయిన తిథి. 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమి నాడు స్వామి సిద్ధి పొందారు. తిరువయ్యారులో ఆయన సమాధి మీద గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు, తన సొత్తు ధారపోసి. ఏటా ఆ రోజున విద్వాంసులు, విద్యార్థులు, పేరున్నవాళ్లు, లేనివాళ్లు ఒక్కచోట కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్న కృతులు పాడతారు. అయిదూ ఆదితాళంలోనే. అక్కడ తని లేదు, ఆలాపన లేదు, ఎవరి మనోధర్మమూ లేదు. అందరిదీ ఒకే పాఠం. పోయినవాణ్ణి తలుచుకోవడానికి మనవాళ్లు ఎంచుకున్న పద్ధతి కలిసి పాడటం. శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడలో జరిగింది కూడా త్యాగరాజ ఆరాధనలోనే. ఒక వర్ధంతి వేదిక మీద ఒక కొత్త జీవితం మొదలైంది.

మా ఊరి పక్క గుడిలో మాకు ముందే ఒప్పుకున్న కచేరీ ఒకటి ఉంది. రద్దు చేద్దామన్నారు కొందరు. వద్దన్నాను. వయొలిన్ నేర్చుకుని ఈ మధ్యే కచేరీలు మొదలుపెట్టిన ఒక అమ్మాయిని పిలిచాం. సాధనకు కూర్చున్నాం. అనుపల్లవి రెండోసారి వాయిస్తుండగా ఆపి అడిగింది:

‘మాస్టారూ, ఆ చోటికి రాగానే మీరు ఆగిపోతున్నారు. నేనేమైనా తప్పు వాయిస్తున్నానా?’

‘లేదమ్మా. అక్కడ మావాడు స్వరం ఆరేదాకా ఆగేవాడు. నా చేతికి అది అలవాటైపోయింది. ఇకనుంచి నింపేస్తాలే.’

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. ‘నింపొద్దు మాస్టారూ, అలాగే ఉంచండి. నేనే కమాను తేలిక చేస్తాను’ అంది.

కచేరీలో అలాగే చేసింది. కమాను సన్నగా లాగి, వినీవినపడనంతలో వదిలేసింది. అది మాండలిన్ కాదు, అతని వాయింపుకు నకలూ కాదు. ఆ అమ్మాయి ఇంతకుముందు వాయించనిది, నేను ఇంతకుముందు వినని అందం. అతన్ని ఎన్నడూ చూడని మనిషి వాయింపులోకి అతని నిదానం వెళ్లి చేరింది. వారసులు లేరని పైన రాశాను. వారసత్వం చేతుల మీదుగానే వెళ్లగలదు, అదీ మిగిలినవాడు వాయించడం మానకపోతేనే అన్నది కూడా దాని పక్కన రాసుకోవాలి.

దుఃఖంలో వాద్యం ముట్టనని కూర్చున్నవాళ్లను చూశాను. వాళ్ల బాధను తక్కువ చేయను. కానీ మృదంగాన్ని మూలన పెడితే మూతలు బిగుసుకుపోయి శ్రుతి చెడుతుంది, చెయ్యీ అంతే. నా మిత్రుడి మాండలిన్‌ను కూడా బీరువాలో పెట్టొద్దని వాళ్ల ఇంటావిడను బతిమాలాను. ఆవిడ పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. అతని దగ్గర పాఠం చెప్పించుకుంటున్న కుర్రవాడు ఇప్పుడు ఆ ఇంటికే వెళ్లి దానిమీద సాధన చేస్తున్నాడు. గమకం అతికీ అతకకుండా ఉంది. వస్తుంది.

పాఠకులకు, ముఖ్యంగా సభలు నడిపేవాళ్లకు ఒక మనవి. మీ ఊరి వాద్యకారుడు పోతే సంతాపసభ పెడతారు. ఫొటోకు దండ వేస్తారు, పెద్దలు మాట్లాడతారు. ఆ మైకును ముందుగా అతనితో కలిసి వాయించినవాళ్లకు ఒక గంట ఇవ్వండి. వాళ్లు మాటల్లో చెప్పలేనిది వాయించి చెప్తారు. అతను కూర్చునే చోట కుర్చీ వేసి ఫొటో పెట్టకండి. సాధన చేస్తున్న ఒక పిల్లనో పిల్లవాణ్ణో అక్కడ కూర్చోబెట్టి, కచేరీ మొదలుపెట్టమనండి.