పడని విడత

సాగుభూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలను, నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున మూడు విడతలుగా అందించే ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి పథకం 2018 డిసెంబరు 1 నుంచి వర్తించేలా 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ సొమ్ము ఖాతాకు చేరడాన్ని తెలుగు పల్లెలు ‘పడటం’ అంటాయి. వాన పడినట్లే డబ్బూ పడుతుంది, లేదా పడదు. సొమ్ము పైనుంచి ఒక్కసారిగా రాలుతుందన్న భావన కలిగించే ఈ క్రియాపదం, అది నడిచివచ్చే దారిని మరుగుపరుస్తుంది. విడత స్వభావం నిజానికి కాలువ నీటిది. ఆయకట్టు చివరి పొలానికి నీరు అందనప్పుడు రైతు మబ్బు వైపు చూస్తూ కూర్చోడు; గట్టు పట్టుకుని ఎగువకు నడిచి, ఏ తూము మూసి ఉందో, ఏ మలుపులో గండి పడిందో కనిపెట్టి, లస్కరుతో మాట్లాడతాడు. రాని విడతను వెతకడానికి కావలసినదీ ఆ ఎదురునడకే.

ఆ దారిలో రెండు మజిలీల పేర్లు తెలిసి ఉండటం అవసరం. లబ్ధిదారుల వివరాలను సరిచూసి, వారికి సొమ్ము బదిలీ చేయవలసిందని రాష్ట్ర ప్రభుత్వం సంతకం చేసి పంపే అభ్యర్థనను ఆర్‌ఎఫ్‌టీ అంటారు. దాని ఆధారంగా, కేంద్ర ప్రభుత్వ చెల్లింపులను నడిపే పీఎఫ్‌ఎంఎస్ అనే వ్యవస్థలో తయారయ్యే చెల్లింపు ఆదేశం ఎఫ్‌టీవో. పథకం వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరుతో లబ్ధిదారు స్థితిని తెరిచి చూసినప్పుడు ఎఫ్‌టీవో తయారై నిర్ధారణ మాత్రమే మిగిలి ఉంటే, నీరు పెద్ద కాలువ దాటినట్లే. అదే చోట భూమి వివరాలు, ఈ-కేవైసీ, ఆధార్-బ్యాంకు అనుసంధానం అనే మూడింటికి అవును, కాదు అనే జవాబులు కనిపిస్తాయి. వీటిలో దేనికి ‘కాదు’ అని ఉందో చూడకుండా బయలుదేరిన రైతు వ్యవసాయ కార్యాలయానికీ, మీసేవకూ, బ్యాంకుకూ మధ్య ఒక కూలిరోజు వెంట మరో కూలిరోజు పోగొట్టుకుంటాడు.

అన్నిటికన్నా ఎక్కువ అయోమయం బ్యాంకు అనుసంధానం దగ్గర పుడుతుంది. ఖాతాకు ఆధార్ నకలు ఇవ్వడం ఒకటి, ఆ ఖాతా ఉన్న బ్యాంకు ప్రభుత్వ సొమ్ము అందుకునే పట్టికలో నమోదు కావడం మరొకటి. మ్యాపర్ అని పిలిచే ఆ పట్టికను భారత జాతీయ చెల్లింపుల సంస్థ నిర్వహిస్తుంది. అందులో ఒక ఆధార్ సంఖ్యకు ఎదురుగా ఒకే బ్యాంకు, అదీ చివరగా నమోదైన బ్యాంకు మాత్రమే ఉంటుంది. ఉపాధి హామీ కూలికి ఒక ఖాతా, డ్వాక్రా సంఘం పొదుపుకు మరొకటి, ఎవరో ఊళ్లోకి వచ్చి వేలిముద్ర తీసుకుని తెరిచిన ఇంకొకటి ఉన్న మహిళా రైతు, ఏళ్ల తరబడి వాడుతున్న పాసుపుస్తకాన్నే అచ్చు వేయించుకుని డబ్బు రాలేదని నిర్ణయించుకుంటుంది. సొమ్ము మాత్రం ఆమె మరచిపోయిన మూడో ఖాతాలో భద్రంగా ఉండవచ్చు. పాత ఫోన్ నంబరుకు వెళ్లిన సందేశం ఆమెను చేరదు. కాబట్టి ఫిర్యాదు రాయడానికి ముందే, ఆధార్ సంస్థ సేవల్లో ఏ బ్యాంకు పేరు నమోదై ఉందో చూడాలి. ఈ ఒక్క పని చేయించగల ఇంటర్ చదివే కూతురో, సచివాలయ ఉద్యోగో పక్కన ఉండటం ఆ కుటుంబానికి పెద్ద అండ. ఆ అండ లేని ఇళ్లను వెతుక్కుంటూ వెళ్లవలసిన బాధ్యత వ్యవస్థదే గాని, వృద్ధ రైతుది కాదు.

ఈ-కేవైసీ అంటే లబ్ధిదారు తానేనని ఆధార్ ద్వారా రుజువు చేసుకోవడం. నాట్లకూ కలుపుకూ అరిగిన వేళ్లను యంత్రం గుర్తించనప్పుడు, 2023 నుంచి మొబైల్ యాప్‌లో ముఖం చూపి ఆ పని పూర్తి చేసే వీలుంది. భూమి విషయంలో 2019 ఫిబ్రవరి 1 నాటి యాజమాన్యమే ప్రాతిపదిక. ఆ తరువాతి మార్పుల్లో యజమాని మరణంతో వారసత్వంగా సంక్రమించినదానికే మినహాయింపు ఉంది గనుక, తండ్రి పోయిన ఇంట్లో పట్టా మార్పిడి ఆలస్యమైతే విడత కూడా ఆగుతుంది.

ఎక్కువ మందికి తెలియని నియమం ఒకటుంది. అనర్హత వల్ల తిరస్కరణకు గురైతే తప్ప, మరే కారణంతో విడత ఆగినా, ఆ కారణం తొలగిన తరువాత రావలసిన బకాయి విడతలన్నీ పొందే హక్కు లబ్ధిదారుకు ఉందని పథకం మార్గదర్శకాలు చెబుతాయి. ‘పోయిన విడత పోయినట్లే, ఇకమీదట వస్తుంది లెండి’ అనే నోటిమాట దీనికి విరుద్ధం. అటువంటి జవాబు విన్న రైతు 155261 నంబరుకు ఫోన్ చేసినా, వ్యవసాయ అధికారికి అర్జీ కూడా పెట్టి, రాని విడతల సంఖ్యను, తప్పు సరిదిద్దిన తేదీని ఆ కాగితంలో విడిగా రాసి, రసీదు తీసుకునే వెనుదిరగాలి.