విరామం ఎవరికి?

మాట కూడా ఒక పక్షం వహిస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి నాటకుండా చేలు వదిలేస్తే పత్రికలు దానిని ‘పంట విరామం’ అన్నాయి. 2022లో అదే మాట మళ్లీ వినబడింది. విరామం పనిచేసి అలసినవాడు కోరి తీసుకునేది. పెట్టుబడి తిరిగిరాక సాగు మానుకున్నవాడి స్థితికి ఆ పేరు తగునా?

మన సాహిత్యంలో కోనసీమ చాలాకాలంగా ఒక దృశ్యం: కొబ్బరితోట, కాలువగట్టు, పచ్చని చేను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నేలలో పేదరికమేమిటన్న భ్రమ పాఠకునిలో పాతుకుపోయింది. ఐ.పోలవరం వంటి గౌతమి చివరి ప్రాంతాలలో రైతును ముంచేది నీటి కొరత ఒక్కటే కాదు. పూడిన మురుగుకాలువల్లోంచి బయటికి పోలేని నీరు కూడా. అది ప్రకృతి శాపం కాదు, పాలకుల నిర్లక్ష్యం.

‘రైతు’ అనే మాటా ఇలాంటిదే. అందులో భూస్వామి, చిన్న రైతు, కౌలుదారు ఒకటైపోతారు. చేను బీడు పెడితే పెద్ద కమతం వాడు ఒక పంట పోగొట్టుకుంటాడు. కౌలుదారు ఏడాది బతుకునే పోగొట్టుకుంటాడు. నాట్లు వేసే స్త్రీకి కూలే ఉండదు. 2011–12లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. అది గిట్టదన్న రైతుల మాట న్యాయమైనదే. కాని అదే ఉద్యమంలో ఉపాధి హామీ వల్ల కూలి పెరిగిందన్న ఫిర్యాదూ వినిపించింది. ధర నిర్ణయించేవారిని వదిలి కూలిమనిషి వైపు వేలు చూపడం ఎవరికి లాభం? 2019 చట్టం కౌలుదారుకు హక్కుపత్రం ఇస్తానంది. దానికి భూయజమాని సమ్మతి కావాలంది. హక్కు మళ్లీ యజమాని గుమ్మం దగ్గరే ఆగింది.

ఇలాంటి చిక్కును కథగా మలచడం ఎలాగో 1966లో వెలువడిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చూపింది. అందులో అప్పల్రాముడి అప్పు అతని దురదృష్టం కాదు. ఊరి అభివృద్ధే అతని పతనానికి దారితీసిన క్రమాన్ని రచయిత లెక్కకట్టి చూపారు. అందుకే ఆ కథ చదివినవాడు జాలిపడి ఊరుకోలేడు, కారణం వెతుకుతాడు.

కోనసీమ కథకు ఇప్పుడు కావలసింది ఆ లెక్కే. ఎండిన నేలలో పేదరికాన్ని గుర్తించడం సులువు. పచ్చదనం కింద దానిని గుర్తించడానికి వర్గదృష్టి కావాలి. కౌలు ఎన్ని బస్తాలు, అప్పు ఎవరి దగ్గర, ధాన్యం ఏ ధరకు పోయింది—ఈ ప్రశ్నలు వేయని రచన ఎంత అందంగా ఉన్నా కొబ్బరాకు నీడలో కునుకుతీసినట్టే. విరామం తీసుకుంటున్నది రైతు కాదు, రచయిత.