మెలికలోనే ఉంది గురి

మెండోర ఊరి పిల్లలకు బొంగరం సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. జోరుగా తిరిగితే నిటారుగా నిలుస్తుంది, చాలకపోతే తూలి పడుతుంది. రైఫిల్ గుండుదీ అదే కథ. దాన్ని తిప్పేవి గొట్టం లోపల మెలికగా కోసిన గాళ్లు. కోసినవాడి పనితనం బయటికి కనిపించదు, దూరాన గురి దగ్గరే తెలుస్తుంది.

విన్‌చెస్టర్ 1894 లివర్ రైఫిల్‌లో .30-30 గుండుకు 12 అంగుళాలకు ఒక చుట్టు. పాత మార్లిన్ .44 మాగ్నమ్‌లో 38 అంగుళాలకు ఒకటే. ఆ నిదానపు మెలిక 240 గ్రెయిన్ల బరువున్న గుండును చక్కగా నడుపుతుంది, 300 గ్రెయిన్ల పొడుగు గుండు మాత్రం తూలవచ్చు. బరువుకన్నా పొడవే ముఖ్యం. 1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం సారం ఇదే: గుండు పొడవు పెరిగేకొద్దీ మెలిక బిగియాలి.

ఇక ఈ గురి అక్కరకొచ్చే వేట సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వేటకు కళ్లెం వేసింది. పంట మీద పడే అడవిపందిని కాల్చాలన్నా అనుమతి ఉన్నవాడే కాల్చాలి. గురి తప్పితే, గాయపడి పారిపోయిన పంది పసుపు చేలో కూలీలకు ప్రాణగండం. అందుకే ముందు గుండును ఎంచుకోండి, ఆ తర్వాతే గొట్టం మెలిక చూడండి.