పసుపు ధరల పట్టికలో లేని అంకె

నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు ధరలను మూడంకెలలో ప్రకటింతురు: కనిష్ఠము, గరిష్ఠము, మోడల్. 2016లో దేశమున ఈ-నామ్ పద్ధతి ప్రారంభమైన పిమ్మట ఈ మూడంకెలే సెల్‌ఫోను తెరమీదికిని ఎక్కినవి. జక్రాన్‌పల్లినుండి బస్తాలు వేసికొని వచ్చిన రైతు తన కుప్పకు పలికిన ధరను ఈ మూడింటి ప్రక్కన పెట్టి చూచుకొనును. తనకు న్యాయమే జరిగినదనియో, మోసపోయితిననియో నిశ్చయించుకొని ఇల్లు చేరును. ఆ నిశ్చయమునకు ఈ మూడంకెలు చాలునా అనునది పరిశీలింపదగిన విషయము.

చెరకుతో ఈ చిక్కు అంతగా లేదు. బోధనులోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడువరకు, ఒక ఋతువులో టన్నుకు కట్టిన ధర గేటుముందు నిలిచిన బండ్లన్నిటికి దాదాపు ఒకటే. పసుపు అట్టిది కాదు. కొమ్ము లావు, ఎండుదల, మెరుగు, రంగు చూచి కొనుగోలుదారులు ఏ కుప్పకు ఆ కుప్పకే ధర వేయుదురు. కుప్పలెన్నో ధరలన్ని. అందుచేతనే ఇన్ని ధరలలో తన స్థానమెక్కడ అన్న ప్రశ్న పసుపు రైతుకు పుట్టును.

ఉదాహరణకు ఒక దినమున తొమ్మిది కుప్పలు అమ్ముడయినవని ఊహింపుడు. క్వింటాలుకు పలికిన రూపాయలు, చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా, ఇవి: 7,200, 9,800, 10,600, 11,200, 11,500, 11,800, 12,800, 12,800, 18,500. జక్రాన్‌పల్లి రైతుకు 11,800 దొరకినది. పట్టికలో గరిష్ఠము 18,500, మోడల్ 12,800 అని చూచి అతడు తన కుప్ప చౌకగా పోయినదని బాధపడును. కాని అయిదు కుప్పలు అతని దానికంటె తక్కువకే పోయినవి. ఎక్కువ పలికినవి మూడే! ఈ సంగతి పట్టికలోని ఏ అంకెయు అతనికి చెప్పలేదు.

‘మోడల్’ అను మాటయే మొదటి చిక్కు. ఆదర్శమైన ధర అనియో, నమూనా ధర అనియో అర్థము చేసికొను ప్రమాదమున్నది. నిజమునకది ఎక్కువగా అమ్మకము జరిగిన ధర. బడిలో ‘బాహుళకము’ అని నేర్పునది ఇదే. తండ్రి యార్డులో మోడల్ అని చూచునదియు, కొడుకు పరీక్షకు బాహుళకమని వల్లించునదియు ఒకటేనని ఆ ఇంటిలో ఎవరికిని తట్టదు. మాట సంగతి అటుంచినను, బాహుళకమునకు నిలుకడ తక్కువ. పై తొమ్మిదింటిలో 12,800 రెండుమారులు పడినది, అంతే. అందులో ఒకదానికి ఇరువది రూపాయలు తగ్గియుండినచో ఆ దినమునకు బాహుళకమే లేదు.

సగటు చూతము. తొమ్మిదింటి మొత్తము 1,06,200, సగటు 11,800. ఇది బాగుగనే ఉన్నట్లు తోచును. కాని వ్రాయుటలో 18,500 పొరపాటున 81,500 అయినచో సగటు 18,800కు ఎగబ్రాకును. ఆ దినమున ఏ ఒక్క రైతుకును ముట్టని ధర సగటుగా నిలుచును.

మధ్యగతము ఈ పొరపాటునకు చలింపదు. వరుసలో పేర్చిన తొమ్మిదింటిలో నడిమిది, అనగా అయిదవది, 11,500. చివరి అంకె 18,500 అయినను 81,500 అయినను దానికి అటు నాలుగు, ఇటు నాలుగు. పదవ కుప్ప ఒకటి వచ్చి 12,000 పలికినచో నడుమ రెండు నిలుచును: 11,500, 11,800. వాని సగటు 11,650 మధ్యగతమగును. ఇంతకుమించిన గణితము ఇందులో లేదు. పేర్చకుండ నడిమి అంకెను తీసికొనుట ఒక్కటే తరచు జరుగు తప్పు.

అయితే కుప్పలన్నియు ఒకే బరువువి కావు. అదే వరుసలో కుప్పలు 2, 4, 20, 12, 5, 6, 3, 4, 1 క్వింటాళ్లు అనుకొనుడు. మొత్తము 57, నడిమిది 29వ క్వింటాలు. మొదటి మూడు కుప్పలలో 26 ముగిసినవి, కావున 29వది నాల్గవ కుప్పలో పడును. బరువు లెక్కన మధ్యగతము 11,200. కుప్పల లెక్కకంటె 300 మాత్రమే తగ్గినది. బాహుళకమో? కుప్పల లెక్కన 12,800 అయినది బరువు లెక్కన 10,600కు జారును, 20 క్వింటాళ్లు ఆ ధరకే పోయినవి గనుక. ‘ఎక్కువగా అమ్మకము’ అనునది కుప్పలా, క్వింటాళ్లా అన్న ఒక్క సందేహముతో 2,200 రూపాయల తేడా!

ఇక పాఠ్యపుస్తకము. పదవ తరగతిలో మధ్యగతమునకు ఇచ్చు సూత్రము పొడవైనది: మధ్యగత తరగతి దిగువ హద్దు, అంతకు ముందటి సంచిత పౌనఃపున్యము, తరగతి పౌనఃపున్యము, తరగతి అంతరము. మార్కులకు ఇది చక్కగా ఉపకరించును. పై ధరలను వేయి రూపాయల తరగతులుగా విడదీసినచో 11,000కు లోపల మూడు, 11,000–12,000 నడుమ మూడు. తొమ్మిదిలో సగము నాలుగున్నర. మూడు పోగా కావలసినది ఒకటిన్నర. మూడింటిలో ఒకటిన్నర అనగా సగము దూరము. జవాబు 11,500. సరిపోయినది. కాని నడిమి తరగతిలోని మూడు కుప్పలును 11,900కే పోయినను సూత్రము 11,500 అనియే చెప్పును. తరగతిలోని అంకెలు సమముగా పరచుకొని ఉన్నవన్న ఊహ దాని కడుపులో దాగియున్నది. విడి అంకెలు చేతిలో లేనప్పుడు వాడవలసిన ఉపాయమిది. పిల్లవాడు దీనినే మధ్యగతమని తలచుటలో వింత లేదు.

మధ్యగతము కూడ మోసగింపగలదు. గోళ, కొమ్ము ఒకే పట్టికలో కలిపినప్పుడు ఇది జరుగును. నాలుగు గోళ కుప్పలు 10,400కు లోపల, అందులో పెద్దది 10,400. నాలుగు కొమ్ము కుప్పలు 12,600కు పైన, అందులో చిన్నది 12,600 అయినచో, మధ్యగతము 11,500. ఆ ధరకు గోళయు అమ్ముడుపోలేదు, కొమ్మును పోలేదు. రకములను ముందుగా వేరుచేయవలెను.

మధ్యగతమును గట్టిగా సమర్థించినవారిలో గాల్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడొకడు. ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసపు బరువును ఊహింప వచ్చినవారి 787 చీటీలను అతడు 1907లో ‘నేచర్’ పత్రికలో విమర్శించెను. మధ్యగతము 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. సగటును లెక్కింపగా వచ్చినది 1,197! సగటువలన వెఱ్ఱి అంచనాలకు పెత్తనము వచ్చునన్న అతని వాదము సరియైనదే. ఆ సంతలో మాత్రము సగటే గెలిచినది. తప్పులు రెండువైపులకు సరితూగినప్పుడు అట్లు జరుగును. మార్కెట్ రుసుము మొత్తము లెక్కకును బరువు చూచి కట్టిన సగటే కావలెను. మధ్యగతమును క్వింటాళ్లతో హెచ్చించినచో రొక్కము తేలదు.

రైతు ప్రశ్న రొక్కపు మొత్తము గూర్చి కాదు. సగము పసుపు ఏ ధరకు లోపల పోయినదో అతనికి తెలియవలెను. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో నెలకొన్నది. కుప్ప కుప్పకు ధరయు, తూకమును యార్డు కంప్యూటరులో పడుచున్నవి. కొమ్ముకు ఒకటి, గోళకు ఒకటి, బరువు లెక్కన మధ్యగతము తీసి నాల్గవ గడిలో వేయుటకు ఆ అంకెలను వరుసలో పేర్చుట తప్ప వేరు శ్రమ లేదు.